మిగిలిన వర్మీకంపోస్టు వానపాములను కొండవాలులో వదలవచ్చా?

విశాలాక్షినగర్ మిద్దెతోట:

మా ఇల్లు విశాఖ విశాలాక్షినగర్‌లో కొండవాలుకు ఆనుకుని ఉంటుంది. మూడేళ్ల క్రితం ఒక కిలో వానపాములు కొని, మిద్దె మీద షేడ్ నెట్ కింద ఇటుకలతో రెండు తొట్లు కట్టించుకుని, వంటింటి చెత్త, రైతు బజారులో సాయంత్రం మిగిలిపోయే క్యాబేజీ ఆకులు, పాలు పోసే అతని పాక నుంచి తెచ్చుకునే ఆరిన పేడ వేసి ఎరువు చేసుకుంటున్నాను. రెండు నెలలకొకసారి జల్లెడ పట్టినప్పుడల్లా కుండీలకు సరిపడా ఎరువు వస్తుంది, దానితోపాటు తొట్లు పట్టనన్ని వానపాములు కూడా వస్తాయి. వాటిని చంపడానికి మనసు రాక, గత రెండు వానాకాలాల్లోనూ మిగిలిన వాటిని బకెట్లో వేసుకుని వెళ్లి, కంబాలకొండ అభయారణ్యం వైపు వాలులో చెట్ల కింద ఆకుల మధ్య పోసి వచ్చాను. కొండ మట్టికి మేలు చేస్తున్నానన్న నమ్మకంతోనే ఆ పని చేశాను. అనంతగిరి దగ్గర మా తమ్ముడికి చిన్న కాఫీ తోట ఉంది. అక్కడికి కూడా నిరుడు రెండు బస్తాల ఎరువు జల్లెడ పట్టకుండానే పంపించాను.

మా అక్క కొడుకు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. మొన్న ఫోనులో ఈ సంగతి చెబితే వాడు కంగారుపడ్డాడు. అక్కడి అడవుల్లో వానపాములు కీడు చేస్తున్నాయని, గాలానికి గుచ్చగా మిగిలిన వాటిని ఒడ్డున పారేయకుండా చెత్తబుట్టలోనే వేయాలని ప్రభుత్వమే చెబుతుందని అన్నాడు. వానపాము రైతు నేస్తమని చిన్నప్పటి నుంచి చదువుకున్న నాకు ఈ మాట మింగుడు పడలేదు. అక్కడ కీడు చేసేది ఇక్కడ మేలు ఎలా చేస్తుంది? నేను కొండ మీద పోసిన వాటి వల్ల నష్టం జరిగి ఉంటుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు:

అమ్మా, మీ అక్క కొడుకు చెప్పింది నిజమే. అయితే అక్కడి కథను ఉన్నదున్నట్టుగా మన కొండలకు అన్వయించలేము. రెండు చోట్లకూ ఉన్న తేడా తెలిస్తే మీ ప్రశ్నకు జవాబు సగం దొరుకుతుంది.

మిన్నెసోటా ప్రాంతాన్ని గత హిమయుగంలో మంచు పలకలు కప్పేశాయి. సుమారు 10 వేల ఏళ్ల క్రితం ఆ మంచు కరిగి వెనక్కి తగ్గాక అక్కడ అడవులు మళ్లీ పెరిగాయి కానీ వానపాములు తిరిగి రాలేదు, ఎందుకంటే వానపాముల గుంపు తనంతట తాను ఏడాదికి పది మీటర్లకు మించి విస్తరించదు. కాబట్టి ఆ అడవులు వానపాములు లేకుండానే పెరిగాయి. రాలిన ఆకులు అక్కడ బూజులు, చిన్న పురుగుల వల్ల ఏళ్ల తరబడి నెమ్మదిగా చివికి, నేల మీద మెత్తటి పరుపులా పేరుకునేవి. ఆ పరుపులోనే మేపుల్ మొక్కలు మొలిచేవి, అడవి పూల దుంపలు బతికేవి, బల్లిలా కనిపించే సాలమాండర్లు తలదాచుకునేవి, నేల మీద గూడు కట్టే చిన్న పిట్టలు గుడ్లు పెట్టేవి. ఐరోపా నుంచి వలస వెళ్లినవారి మొక్కల వేళ్ల మట్టితోను, ఓడల్లో బరువు కోసం నింపిన మట్టితోను, తరువాతి కాలంలో గాలం ఎరలుగాను ఐరోపా వానపాములు అక్కడికి చేరాయి. అవి ఆ ఆకుల పరుపును కొద్ది ఏళ్లలోనే తినేసి, కింది మట్టితో కలిపేసి, నేలను బట్టబయలు చేశాయి. అమింథస్ అనే తూర్పు ఆసియా జాతి కూడా ఇప్పుడు అక్కడ వ్యాపిస్తోంది. ముట్టుకుంటే పాములా మెలికలు తిరిగి ఎగిరిపడుతుంది కాబట్టి దాన్ని దూకే వానపాము అంటున్నారు. అది తిని వదిలిన పైమట్టి కాఫీ పిప్పిలా పొడిపొడిగా మారిపోయి, వేళ్లకు పట్టు లేకుండా పోతుంది.

మన ద్వీపకల్పాన్ని ఆ మంచు కప్పలేదు. మన దేశంలో 400కు పైగా వానపాము జాతులున్నాయి, మన అడవులు వాటితో కలిసే పెరిగాయి. తొలకరి పడగానే పొలాల గట్ల మీద చిన్న చిన్న మట్టి కుప్పలు పెట్టే లాంపిటో మారిటీ మన నేలలదే. కాబట్టి మీరు పోసిన బకెట్ల వల్ల కంబాలకొండ ఆకుల పొర మిన్నెసోటా అడవిలాగా మాయమవుతుందని భయపడవలసిన పని లేదు. అలాగని మేలు చేశారని కూడా నేను అనలేను.

వానపాములన్నీ ఒకే పని చేయవు. కొన్ని పైన చెత్తలోనే బతుకుతాయి, కొన్ని మట్టిలోపల అడ్డంగా తిరుగుతూ మట్టినే తింటాయి, కొన్ని నిలువు బొరియలు చేసుకుని రాత్రి పైకి వచ్చి ఆకులు లోపలికి లాక్కుపోతాయి. వర్మీ తొట్లకు అమ్మేవి మొదటి రకం. వాటికి కావలసింది మట్టి కాదు, కుళ్లుతున్న చెత్త. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేవి మూడు. ఐసీనియా ఫెటిడా ఎర్రగా ఉండి, ఉంగరాల మధ్య పసుపు చారలుంటాయి. చేత్తో నలిపితే వాసన వచ్చే పసుపు ద్రవం వదులుతుంది. ఇది చల్లటి దేశాల నుంచి వచ్చినది. యూడ్రిలస్ యూజీనియే పశ్చిమ ఆఫ్రికాది, లావుగా జానెడు దాకా పెరుగుతుంది, తోక వైపు రంగు పాలిపోయి ఉంటుంది. మూడవది పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. ఇది మన ఆసియాదే. సన్నగా ఉండి, వెలుతురులో తిప్పితే నీలపు మెరుపు కనిపిస్తుంది, వాన మబ్బు పట్టిన రాత్రి తొట్టి గోడలెక్కి పారిపోతుంది. ఇదే పెరియోనిక్స్ అమెరికాకు వెళితే అక్కడ పరాయి జాతి అవుతుంది, మన వాళ్లు అక్కడ తోటపని చేసేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోవాలి.

మీ తొట్లలో ఉన్నవి ఏవో ముందు చూడండి. ఏ జాతి అయినా వాలులో వదలడం ఇక ఆపండి. అభయారణ్యం అంచున బయటి ప్రాణిని వదలడం చిన్న విషయం కాదు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దురాక్రమణ జాతుల గురించి ప్రత్యేకంగా చేర్చారు కూడా. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి నేలలో పాకిన వానపామును ఏ మందుతోను, ఏ యంత్రంతోను తిరిగి ఏరలేము.

ఆనందపురం రైతు:

మాస్టారు చెప్పినవన్నీ శ్రద్ధగా చదివాను. అయితే ఇది చదివినవారు భయపడి వర్మీ తొట్లు మానేస్తారేమోనని నా ఆందోళన. పన్నెండేళ్లుగా మా ఇంటి వెనక తాటాకు పందిరి కింద ఆరు బెడ్లు నడుపుతున్నాను. కూరగాయల మడుల్లోకి ప్రతి ఏడాదీ ఎరువుతోపాటు వేల సంఖ్యలో ఈ ఎర్ర వానపాములు వెళుతూనే ఉన్నాయి. కానీ చైత్రం, వైశాఖం దాటాక మడిలో తవ్వి చూస్తే అవి ఒక్కటీ కనిపించవు. మా ఎర్రమట్టి ఎండకు గట్టిపడి పగుళ్లు ఇస్తుంది, తినడానికి పేడ ఉండదు, తేమ ఉండదు, అవి చచ్చిపోతాయి. తొలకరికి మళ్లీ కనిపించేవి మా నేలలో లోతుగా చుట్టుకుని పడుకున్న బూడిదరంగు వానపాములే. అవి తాత ముత్తాతల నాటి నుంచి ఉన్నవి. వాటిని కాపాడేది నేల మీద కప్పి ఉంచే గడ్డి, పచ్చిరొట్ట, గెత్తం. యూరియా బస్తాలు, పురుగుమందులు వాటికి చేసినంత కీడు పరాయి వానపాము చేయలేదని నా అనుభవం.

విశాఖ లాంటి నగరంలో తడి చెత్త కాపులుప్పాడ యార్డుకు చేరి కుళ్లేకంటే మిద్దె మీద తొట్టిలో ఎరువు కావడం ఎంత మంచిదో వేరే చెప్పక్కరలేదు. ఆ పని చేస్తున్న ఈ అమ్మగారికి నష్టం చేశానేమోనన్న బెంగ కలగకూడదని రాస్తున్నాను.

విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు:

రైతుగారూ, మీ పొలంలో మీరు చూసింది సరైనదే, దానికి కారణం కూడా సరిగ్గానే చెప్పారు. చెత్తలో బతికే జాతి ఎండే మట్టిలో నిలవదు. మైదానంలో, మన ఎండల్లో, ఐసీనియా విషయంలో నేనూ మీ మాటే చెబుతాను. వర్మీ తొట్లు మానమని నేను ఎవరికీ చెప్పను, చెప్పలేదు కూడా.

అయితే అమ్మగారి ఎరువు వెళ్లింది మైదానానికి కాదు, అనంతగిరికి. అక్కడ వేసవిలోనూ చల్లదనం ఉంటుంది, సిల్వర్ ఓక్ నీడ ఉంటుంది, కాఫీ మొక్కల కింద ఆకు ఏడాది పొడుగునా తడిగా ఉంటుంది, పశువుల పేడ దిబ్బలుంటాయి. మీ మడిలో వైశాఖం చేసే పనిని అక్కడి వైశాఖం చేయలేదు. అందుకే ఒకచోట చచ్చిపోయింది కాబట్టి అన్నిచోట్లా చచ్చిపోతుందని అనుకోకూడదని నా మనవి.

ఇంకొకటి, నా అసలు భయం వర్మీ తొట్టిలోని వానపాము గురించి కాదు, మట్టితో పాటు కనిపించకుండా వచ్చే వానపాము గురించి. పొంటోస్కోలెక్స్ కోరెత్రూరస్ అనే దక్షిణ అమెరికా జాతి ఉంది. 1857లో ఫ్రిట్జ్ ముల్లర్ అనే జీవశాస్త్రవేత్త బ్రెజిల్‌లో దీన్ని మొదట వర్ణించాడు. మొక్కల వేళ్ల మట్టితో ఇది ఉష్ణమండలమంతా పాకింది, పడమటి కనుమల తోటల్లో, కేరళ రబ్బరు తోటల్లో ఇప్పుడు మామూలుగా కనిపిస్తుంది. దీనికి జత అవసరం లేదు, ఒక్క వానపాము ఉంటే చాలు, తనంతట తానే సంతతిని పెంచుకోగలదు. ఇది చెత్తలో కాదు, మట్టిలోనే బతుకుతుంది కాబట్టి పేడ లేకపోయినా నిలుస్తుంది. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర అడవి నరికి పచ్చిక బయళ్లు చేసినచోట మిగతా మట్టి జీవులు పోయి, ఇది ఒక్కటే విపరీతంగా పెరిగింది. అది విసర్జించిన మట్టి పేరుకుని పైపొర గట్టిపడి, నీరు లోపలికి ఇంకడం కష్టమైంది. వానపాము నేలను గుల్ల చేస్తుందన్న మన పాఠానికి ఇది పూర్తిగా ఎదురు. ఏ జాతి, ఏ నేల, దాని చుట్టూ ఇంకెవరున్నారు అన్నవి చూడకుండా వానపాము మంచిదా చెడ్డదా అని అడగడంలోనే పొరపాటు ఉంది.

పాడేరు కాఫీతోట:

మాది పాడేరు వైపు గ్రామం. మీరు చెప్పిన చివరి మాట చదివాక నేను మా నారుమడిలోకి వెళ్లి చూశాను. బయటి నుంచి కొన్న మిరియపు తీగల ప్లాస్టిక్ సంచులు ఇరవై విప్పితే ఏడింటిలో వానపాములున్నాయి. పై చర్మానికి రంగు లేదు, లోపలి మట్టి బయటికి కనిపించేంత పల్చగా ఉంది, తోక చివర కాస్త ఉబ్బి, వేలితో రాస్తే గరుకుగా తగిలింది. ఆ సంచుల్లోని మట్టి ముద్దలు ముద్దలుగా బిగిసి, నీరు పోస్తే పైనే నిలబడింది. వానపాములు లేని సంచుల్లో మట్టి చేత్తో నలిపితే రాలిపోయింది. ఇది మీరు చెప్పిన జాతేనా?

నాకొక సందేహం కూడా ఉంది. మా తోటలో కాఫీ ఆఫ్రికా నుంచి వచ్చింది, సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వస్తే మేమంతా సంతోషించాం. ఇన్ని పరాయివి మాకు కూడు పెడుతున్నప్పుడు వానపామును మాత్రం ఎందుకు వేరుగా చూడాలి?

విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు:

చూడకుండా జాతి పేరు తేల్చి చెప్పడం నాకు తగదు. తోక దగ్గర గరుకుదనం, రంగులేని చర్మం ఆ జాతి లక్షణాలే. తోక వైపు ముళ్లు వరుసలుగా కాక చదరంగపు గళ్లలా ఒకటి విడిచి ఒకటి ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. అలా ఉంటే దాదాపు అదే. నాలుగైదింటిని స్పిరిటులో వేసి, దగ్గర్లోని వ్యవసాయ పరిశోధన స్థానానికి గానీ కళాశాల జంతుశాస్త్ర విభాగానికి గానీ చూపించండి. ఆ సంచుల మట్టిని అడవి అంచున పారబోయకండి. నల్లటి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఎండలో ఉంచండి. అమెరికాలో అమింథస్ గుడ్లపై చేసిన పరీక్షల్లో 40 డిగ్రీల వేడి మూడు రోజులు తగిలితే అవి బతకలేదు. మీ కొండ ఎండకు ఆ వేడి చేరకపోతే మైదానానికి దించి ఎండబెట్టడమే మేలు.

మీ సందేహం న్యాయమైనది. కాఫీ మొక్కను మీరు నాటారు, ఎక్కడ ఉందో మీకు తెలుసు, అక్కరలేదనుకుంటే నరికేయగలరు. పరాయిదైనంత మాత్రాన కీడు చేస్తుందని నేను అనను. మన కొండల నిండా పొదలై అల్లుకున్న లంటానా కూడా ఒకప్పుడు తోటల్లో అందం కోసం తెచ్చిన మొక్కే. 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు ఒకరు తెచ్చి తోటలో వదిలిన ఆఫ్రికా నత్త ఇప్పుడు మన బొప్పాయి మొక్కలను, బంతి నారును రాత్రికి రాత్రి కొరికేస్తోంది. అవి చేయి దాటిపోయాయని తెలిసేసరికి ఏమీ చేయలేని స్థితి వచ్చింది. కాఫీ చెట్టు నిలబడ్డ చోటే ఉంటుంది, వానపాము ఉండదు, పైగా కనిపించదు. మీ అడవిలో ఆకును చివికించే పని చెదలు, రోకలిబండ పురుగులు, బూజులు, స్థానిక వానపాములు పంచుకుని చేస్తున్నాయి. వానాకాలంలో పుట్టల మీద మీరు ఏరుకునే పుట్టగొడుగులు ఆ చెదలు పెంచుకునే బూజు నుంచే వస్తాయి. వాలు నేల మీద ఆ ఆకుల పొర పల్చబడితే వాన నేరుగా మట్టిని కొట్టి గెడ్డలోకి ఈడ్చుకుపోతుంది. ఆ పంపకంలోకి కొత్తవాడిని మనంతట మనం తీసుకురాకుండా ఉంటే చాలు.

ఆనందపురం రైతు:

మాస్టారూ, అనంతగిరి చల్లదనం గురించి మీరు చెప్పింది నాకు తట్టలేదు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. అమ్మగారికి మిగిలిన వానపాముల సంగతి మాత్రం నేను చెప్పగలను. తొట్టిలో వానపాములు మేతను బట్టే పెరుగుతాయి. మేత తగ్గిస్తే గుడ్లు పెట్టడం తగ్గిస్తాయి, కాబట్టి క్యాబేజీ ఆకుల గోనె నెలకొకటి తగ్గించండి. అయినా మిగిలితే కోళ్లు పెంచేవారికి ఇవ్వండి, లేదా కొత్తగా తొట్టి పెట్టుకునేవారికి ఇవ్వండి. తొట్టి నుంచి తొట్టికి వెళితే భయం లేదు.

ఎరువులో మిగిలే గుడ్ల విషయం చాలామందికి తెలియదు. జల్లెడ పడితే పెద్దవి ఆగుతాయి కానీ గుడ్ల సంచులు ఎరువుతో పాటే జారిపోతాయి. అవి ఆవగింజ కంటే కాస్త పెద్దవిగా, నిమ్మకాయ ఆకారంలో, లేతగా ఉన్నప్పుడు గడ్డి రంగులో, పిల్ల కదిలే సమయానికి ముదురు ఎరుపులో ఉంటాయి. ఒక్కో సంచి నుంచి రెండు మూడు పిల్లలు రావచ్చు. నేను చేసే పని ఇది. జల్లెడ పట్టిన ఎరువును తడి ఆరకుండా నీడలో కుప్ప పోసి, మూడు వారాల తరువాత మధ్యలో పచ్చి పేడ ముద్ద గానీ పుచ్చకాయ తొక్క గానీ పాతిపెట్టి రెండు రోజులు ఉంచుతాను. కొత్తగా పొదిగిన పిల్లలన్నీ వాసనకు వచ్చి దానికి పడతాయి, ఆ ముద్దను తీసి తొట్టిలో వేస్తాను. ఇంకో రెండు మూడు వారాలకు మళ్లీ అలాగే చేస్తాను. మిద్దె కుండీలకు, మైదానం మడులకు ఇది చాలు.

విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు:

చాలా ఉపయోగకరమైన పద్ధతి. కొండ తోటలకు పంపే ఎరువుకు మాత్రం ఆ తరువాత నల్ల ప్లాస్టిక్ కింద ఎండబెట్టడం కూడా చేర్చాలి. ఎండకు ఎరువులోని మేలు చేసే సూక్ష్మజీవులు కొంత చచ్చిపోతాయి, ఆ నష్టం నిజమే. అందుకే అన్నిచోట్లా అలా చేయమని చెప్పను. అడవికి దగ్గరగా ఉన్న తోటకు అయితే ఆ నష్టాన్ని భరించమనే చెబుతాను. దీనికంటే మంచిది, తమ్ముడుగారు అక్కడి పేడ దిబ్బలోనే దొరికే వానపాములతో అక్కడే ఎరువు చేసుకోవడం.

విశాలాక్షినగర్ మిద్దెతోట:

ఇంత ఓపికగా రాసినందుకు మీ అందరికీ నమస్కారాలు. ఆదివారం ఉదయం రెండు తొట్ల నుంచి గుప్పెడు గుప్పెడు తీసి తెల్లటి పళ్లెంలో వేసి చూశాను. పసుపు చారలవి చాలా తక్కువ. ఎక్కువగా ఉన్నవి లావుపాటివే, తోక పాలిపోయి ఉన్నవి, అంటే పశ్చిమ ఆఫ్రికావి. కిలో కొన్నప్పుడు అమ్మినవారు ఇవి దేశవాళీవని చెప్పారు, నేను అడగవలసిన ప్రశ్నలు అడగలేదు. రెండో తొట్టి అడుగున ఒక మూల సన్నగా, నీలంగా మెరిసేవి పది పన్నెండు దొరికాయి. అవి పేడతో వచ్చి ఉంటాయనుకుంటున్నాను. వాటిని విడిగా పాత పెయింటు డబ్బాలో కొబ్బరి పొట్టు, పేడ వేసి పెంచుతున్నాను. మూతకు దోమతెర కట్టాను, ఎందుకంటే మొదటి రాత్రే మూడు గోడ ఎక్కి బయటికి వచ్చేశాయి.

కొండవాలులో నేను పోసిన చోటికి మా వారితో కలిసి వెళ్లి ఆకులు జరిపి చూశాను. అభయారణ్యం కంచె దాటలేదు, బయటి వైపే చూశాను. నా వానపాములు ఒక్కటి కూడా కనిపించలేదు. ఎండలకు పోయాయో, లోపలికి వెళ్లాయో నేను చెప్పలేను. ఆకుల కింద ఎర్రమట్టి తడిగా, చల్లగా ఉంది, ఒక రోకలిబండ చుట్టుకుని పడుకుని ఉంది, ఆకులు మళ్లీ దాని మీద కప్పేసి వచ్చాను.

తమ్ముడికి ఫోను చేసి, నిరుడు పంపిన ఎరువు వేసిన రెండు వరుసల కాఫీ మొక్కల కింద తవ్వి చూడమన్నాను. మొక్కల మొదళ్ల దగ్గర లేవు కానీ, బస్తాలు దించిన పాక పక్కన పేడ దిబ్బలో లావుపాటివి ఉన్నాయని ఫొటో పంపాడు. మాస్టారు చెప్పినట్టే జరిగింది. ఆ దిబ్బ అడవి అంచుకు ముప్పై అడుగుల దూరంలో ఉంది. మొత్తం దిబ్బను విప్పి, నల్ల టార్పాలిన్ కింద పల్చగా పరిచి ఎండబెడతానని, అంతవరకు ఆ ఎరువు తోటలో వేయనని చెప్పాడు. వచ్చే శనివారం నేను కూడా వెళుతున్నాను, పాడేరు వారు చెప్పినట్టు మిరియపు తీగల సంచులు కూడా విప్పి చూస్తాం. ఇక్కడ మిద్దె మీద జల్లెడ పట్టిన కుప్పలో మొదటి పుచ్చకాయ తొక్క నిన్న తీశాను. దానికి నూలుపోగుల్లాంటి పిల్లలు యాభైకి పైగా పట్టి ఉన్నాయి. రెండో తొక్క ఇంకో మూడు వారాలకు పాతిపెడతాను.